వెనక అద్దం

విగ్గు ముందువైపు సర్దుకోవడం ఎవరికైనా నాలుగు రోజుల్లో వస్తుంది. కనుబొమ్మల పైన నాలుగు వేళ్లు అడ్డంగా ఆనించి, పైవేలి దగ్గర అంచు కూర్చోబెడితే సరి. చెవుల ముందు రెండు చిన్న గుడ్డముక్కలుంటాయి. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో తడుముకుంటే తెలిసిపోతుంది. చిక్కంతా వెనకే. మెడ దగ్గర అంచు పైకి లేచిందా, లోపలి జాలీ బయటపడిందా అన్నది ఎవరికి వాళ్లు చూసుకోలేరు. అందుకని నిరోషకు రెండో అద్దం కావాలి, ఆ అద్దం పట్టుకోవడానికి చెల్లెలు స్వాతి కావాలి.

ఎల్లారెడ్డిలో ఆ రెండు గదుల ఇంట్లో మూడేళ్లుగా పొద్దున ఆరున్నరకు జరిగే పని ఇది. గోడకున్న పెద్ద అద్దం ముందు నిరోష పీట వేసుకుని కూర్చుంటుంది. స్వాతి ఒక చేత్తో చాయ్ గ్లాసు, ఇంకో చేత్తో చిన్న అద్దం పట్టుకుని వెనక నిలబడుతుంది. "ఎడమకు జరుపు. ఇంక జర. ఆ, సరిపోయింది" అంటుంది. ఆ 'సరిపోయింది' వినకుండా నిరోష ఏ రోజూ గడప దాటలేదు.

అంతకన్నా ముందు ఇంకో పని జరుగుతుంది. అది తల్లి దుర్గవ్వది. చీకటి విచ్చకముందే లేచి, బీడీల చాట ముందేసుకోకముందే, వెనక గదిలోకి వచ్చి గోడవైపు పడుకున్న పెద్దకూతురి నెత్తి మీద అరచేయి పెట్టి చుట్టూ ఒకసారి తడుముతుంది. తునికాకు ఎంత తడిగా ఉందో ముట్టుకుని చెప్పగల వేళ్లవి. నిరోషకు తొమ్మిదో ఏట పేనుకొరుకుడు మచ్చ ఒకటి మొదలై, ఏడాది తిరిగేసరికి తల మొత్తం నున్నగా అయిపోయింది. ఇప్పుడామెకు ఇరవై. పదకొండేళ్లుగా ఆ వేళ్లకు ఏమీ తగల్లేదు. ఇవాళ కూడా లేదని దుర్గవ్వ నోటితో అనదు. లేచి వెళ్లిపోతుంది. నిరోష నిద్ర నటిస్తూనే ఉంటుంది.

ఆ శుక్రవారం మాత్రం స్వాతి సరిపోయింది అనలేదు.

"ఎనకాల మంచిగనే ఉన్నది గని, ముంగట ఏంజేస్తవక్కా?" అంది.

ముందు నిజంగానే బాగాలేదు. పోయిన ఆదివారం సర్వపిండి గిన్నె మీది మూత తీస్తే ఆవిరి ఎగదన్ని నుదుటి మీది పోగులన్నీ ముడుచుకుపోయాయి. ప్లాస్టిక్ పోగులకు ఒకసారి సెగ తగిలితే ఇక దువ్వెన మాట వినవు. నిరోష నీళ్లద్ది, రెండు పిన్నులు గుచ్చి, చున్నీ ముందుకు లాక్కుంది.

"ఇంక మూడు దినాలే గదనే. సోమవారం నీ జడ కోసినమంటే ఈ పీడ పోతది."

స్వాతి అద్దం కిందికి దించింది. ఆమెకు పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. జడ నడుము దాటి ఇంకా కిందికి దిగుతుంది. ఉగాదినాడు అన్నం ముందు కూర్చుని ఆమే అంది, "అక్కా, నా జడ నువ్వు తీస్కో. నాకు మల్ల వస్తయి" అని. నిరోష అడగలేదు. అడగడానికి ఆమెకు నోరు రాదు కూడా. చెల్లెలు అంతట తానే అన్నందుకు ఆ పూట అన్నం సయించక, విస్తరాకు ముందు నుంచి లేచి పెరట్లోకి వెళ్లి ఏడ్చి వచ్చింది.

"అట్లనేలే అక్కా," అంది స్వాతి ఇప్పుడు, చాయ్ గ్లాసులోకి చూస్తూ.

కామారెడ్డి బస్సులో కండక్టరమ్మ ఆధార్ కార్డు చూసి, నిరోష ముఖం చూసి, మళ్లీ కార్డు చూసింది. అందులో ఉన్నది ఎనిమిదేళ్ల పిల్ల. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు.

"నువ్వేనా?"

"నేనే మేడం."

"ఫోటో మార్పించుకో పోరీ," అని ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చేతిలో పెట్టి ముందుకు పోయింది. మార్పించుకోవాలని నిరోషకు లేదు. ఆ జడలు ఇంకెక్కడా లేవు, ఆ కార్డులోనే ఉన్నాయి.

బట్టల షాపులో ఆమె పని మూడో అంతస్తు గోదాములో. కట్టలు విప్పడం, ధర చీటీలు అంటించడం, జనం విప్పి పారేసిన చీరలను మళ్లీ పాత మడతల మీదికి తేవడం. రెండేళ్లలో, మడత విప్పకుండానే అంచు పట్టుకుని చీర ఏ ఊరిదో చెప్పడం వచ్చింది. శ్రావణమాసం గిరాకీకి పట్టుచీరల కౌంటర్‌లో ఒక అమ్మాయి కావలసి వచ్చినప్పుడు మేనేజర్ సునీల్‌కుమార్‌కు ఆమే గుర్తొచ్చింది. అంతవరకూ అతను మంచివాడే.

"బుధవారం సంది కింద కౌంటర్ నీకే," అన్నాడు మెట్ల మీద ఆపి. "కొంగు నీ భుజం మీదేసి చూపియ్యాలె. కస్టమర్ నీ మొకం చూస్తది, నెత్తి చూస్తది. ఆ ముంగట చీపురుపుల్లలేంది? నూనె పెట్టి దువ్వుకోరాదా? మంచిగ చేసుకొనస్తే కౌంటర్, లేకుంటే గోదామే. మల్ల నన్ననొద్దు."

ఆమె తల మీద ఉన్నది ఆమెది కాదని అతనికి తెలియదు. బద్ధకమనుకున్నాడు. తెలియనివాడిని తిట్టుకోవడానికి కూడా వీల్లేదు. నిరోష సరే సార్ అంది.

తెలిసిన మనిషి కామారెడ్డి మొత్తంలో ఒక్కతే, వనజ. స్టేషన్ దగ్గరి సందులో మేడమీద పార్లర్. మధ్యాహ్నం అన్నం వేళ వెళ్తే వనజ తలుపుకు లోపల గడియ పెట్టి, విగ్గు తీయించి, టేపు తీసింది. నుదురు నుంచి మెడ దాకా, చెవి నుంచి చెవి దాకా, చుట్టూతా. కొలిచిన ప్రతి అంకె అద్దం మీద కాటుక పెన్సిల్‌తో రాసుకుంది.

"మంచిది కొనాలంటే నీ ఆర్నెల్ల జీతం గావాలె. ఎంటికలు నువ్వే తెస్తవు గాబట్టి అల్లకానికే ఇస్తె సాలు. హైదరాబాద్ పంపిస్త, నెల రోజులు పడతది. గప్పటిదాక, దీనికే ముంగట నాలుగు వరుసలు మీ చెల్లె ఎంటికలు నేను కుట్టిస్త. మంగళవారం తెచ్చియ్యి, బుధవారం పొద్దుగాల పెట్టుకపోదువు."

"కుట్టినట్టు కనవడతదా?"

"నాకు కనవడతది. నీ మేనేజర్‌కు కనవడది." వనజ నవ్వింది. "అసలు గీ విగ్గులన్ని యాడికెళ్లి వస్తయనుకున్నవ్? గుళ్లల్ల మనోళ్లు ఇచ్చినయే. ఏలంపాటల పాడుకొని కొంటపోతరు. నీకు నయం, ఇంట్లనే ఉన్నయి."

తర్వాత కోసే పద్ధతి చెప్పింది. ఒక్కరోజు ముందు తల పోయాలి. నూనె వద్దు. పూర్తిగా ఆరాలి. వేర్లవైపు ఎర్ర రిబ్బన్, కొసలవైపు నల్ల రిబ్బన్ గట్టిగా కట్టి, ఎర్రదానికి పైన కోయాలి. రెండువైపులూ తారుమారైతే వెంట్రుకకు వెంట్రుక పడదు, ఉండలు కడుతుంది. నేల మీద పడనీయకూడదు. తన టేపు, కత్తెర కూడా ఇచ్చి పంపింది.

నిరోష సాయంత్రం బస్టాండ్ దగ్గర మీటరు ఎర్ర రిబ్బన్, మీటరు నల్ల రిబ్బన్ కొంది. రిబ్బన్ కొని పదకొండేళ్లయింది.

ఆదివారం ఆమెకు వంతు సెలవు. కుంకుడుకాయలు కొట్టి నానబెట్టి, పెరట్లో పీట వేసి, చెల్లెలి తల తనే పోసింది. మూడుసార్లు రుద్దింది. తువ్వాలతో విసరకుండా, ఒత్తి ఒత్తి తడి తీసింది. ఎండలో కూర్చోబెట్టి జుట్టును నాలుగు పాయలు చేసి, వనజ ఇచ్చిన టేపు పెట్టింది. ఇరవై ఆరు అంగుళాలు. వనజ ఇరవై చాలంది. నిరోషకు ఆ ఆరు అంగుళాల మీదే ఎక్కువ సంతోషం కలిగింది. ఏదో పాట కూనిరాగం తీస్తూ చిక్కు తీస్తోంది.

"అక్కా, దీంతోని చేయించుకొని నువ్వు బయటికి పోతె అందరు నీ ఎంటికలే అనుకుంటరు గదా?"

"అనుకోవాలెననే గద పిచ్చిదానా చేసేది."

"అవు," అంది స్వాతి. ఆరుతున్న పాయ కొసను వేలికి చుట్టుకుంది. పాపం మనసులో బెంగగా ఉందేమో అనుకుని నిరోష ఆమె చెవి వెనక ముద్దు పెట్టింది.

తల ఆరింది కాబట్టి సాయంత్రమే కోసేద్దామంటే దుర్గవ్వ ఒప్పుకోలేదు. చాట ఒళ్లో పెట్టుకుని, కత్తిరించిన ఆకులో తంబాకు పరుస్తూ తలెత్తకుండానే అంది. "ఆదివారం ఆడపిల్ల నెత్తికి కత్తెర పెడతరా? రేపు నువ్వొచ్చినంక కోద్దువు." ఒక్కరోజే కదా అని నిరోష కూడా సరే అంది.

సోమవారం పొద్దున స్వాతి ఎప్పటిలాగే అద్దం పట్టుకుంది. "ఎడమకు జరుపు. ఆ, సరిపోయింది" అంది. గొంతులో తేడా ఏమీ లేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నా నిరోషకు అందులో తేడా దొరకలేదు.

రాత్రి ఏడింటికి ఇంటికొస్తే తాళం వేసి ఉంది. చేతిలో కింద పరవడానికి తెచ్చిన పాత పేపర్లు, సంచిలో కత్తెర, రిబ్బన్లు. పక్కింటి మంగవ్వ గుమ్మంలో కూర్చుని బీడీల కట్టలకు దారం చుడుతోంది.

"మీ అవ్వోళ్లు ఇంక రాలే బిడ్డా. ఏములాడ రాజన్న కాడికి పోయిండ్రు గద. పొద్దుగాల నువ్వట్ల పోంగనే బయలెల్లిండ్రు. నీకు చెప్పలే?"

నిరోష మెట్టు మీద కూర్చుంది. వేములవాడ ఎందుకు వెళ్తారు, దర్శనానికి వెళ్తారు. శ్రావణ సోమవారం, జనం వెళ్తూనే ఉంటారు. కోడెను కట్టి వస్తారు. దర్శనం చేసుకుని వస్తారు. ఇలా ఒకదాని తర్వాత ఒకటి అనుకుంది కానీ, అనుకోకూడని ఒక్క మాటను మాత్రం దగ్గరికి రానీయలేదు. మంగవ్వ చాయ్ ఇస్తే తాగింది.

ఎనిమిది దాటాక ఇద్దరూ వచ్చారు. దుర్గవ్వ చేతిలో ప్రసాదం సంచి, ముఖమంతా అలసట, సంతోషం. వెనక స్వాతి చున్నీ నుదుటి దాకా కప్పుకుని వస్తోంది. చున్నీ కింద ఉండవలసిన ఎత్తు లేదు. వీపు మీద ఏమీ లేదు. వీధి దీపం కిందికి వచ్చేసరికి చెవుల పక్కన పూసిన గంధం ఎండి పెచ్చులుగా లేచి కనిపించింది.

నిరోష లేచి నిలబడింది. చేతిలోని పేపర్లు జారి మెట్ల మీద పడ్డాయి.

"కోపానికి రాకు బిడ్డా," అంది దుర్గవ్వ, తాళం తీస్తూనే. "నీకు చెప్తే వద్దంటవని చెప్పలే. ఆ జడ నీ నెత్తి మీద ఎన్నొద్దులుంటది చెప్పు? రెండేండ్లు, మూడేండ్లు. రాజన్నకు ఇస్తె ఆయన నీకే మొలిపిస్తడు. జన్మంత ఉంటయి. నీ కోసమే బిడ్డా, నీ కోసమే మొక్కింది."

"ఎప్పుడు మొక్కినవ్?"

"మొన్న శుక్రారం."

"నా చెల్లె నాకిస్తనన్నంక మొక్కినవా?"

"దేవునికిచ్చుడు నీకిచ్చుడు గాదా?" దుర్గవ్వకు ఆ రెంటికీ తేడా నిజంగానే తెలియలేదు. "నాకెక్కడిదే గంత తెలివి. చిన్నదే అన్నది. 'అవ్వా, అక్కకిచ్చేకంటె దేవునికిస్తె అక్కకే మంచిగైతది గదా, మొక్కుదాం' అన్నది. నీ మీద దానికెంత పానమో సూడు. కత్తి పెడుతుంటె కండ్లల్ల నీళ్లు గూడ తియ్యలే."

నిరోష చెల్లెలి వైపు చూసింది. స్వాతి చెప్పులు విప్పుతోంది. విప్పిన చెప్పులను గోడ దగ్గర జతగా పెట్టింది. మళ్లీ వంగి సర్దింది. తలెత్తలేదు.

అప్పుడు అర్థమైంది. తల్లి మీద వచ్చిన కోపం తల్లి మీద నిలవలేదు. దుర్గవ్వ మోసం చేయలేదు, నమ్మింది. పొద్దున అద్దం పట్టుకుని సరిపోయింది అన్న గొంతు, నిన్న పెరట్లో అవు అన్న గొంతు, అది చేసింది మోసం. 

పదిహేను నిమిషాలకు మస్కట్ నుంచి తండ్రి లక్ష్మీరాజం వీడియో కాల్ చేశాడు. దుర్గవ్వ ఫోన్‌ను స్వాతి వైపు తిప్పి, చున్నీ తీసి చూపించింది. "శబాష్ బిడ్డా," అన్నాడతను. కళ్లు తుడుచుకున్నాడు. "అక్క కోసం ఎవలు చేస్తరే గింత పని. నిరోషా, యాడున్నవ్? చెల్లెను మరువకు." మంగవ్వ వచ్చి స్వాతి గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. వెనకింటివాళ్లూ వచ్చారు. ప్రసాదం పంచడానికి నిరోషే పళ్లెం పట్టుకుని తిరిగింది. ఏం చేస్తుంది మరి? దేవుడికి ఇచ్చిన పిల్లను నా జడ ఎత్తుకుపోయిందని అంటే ఊళ్లో ఏ ఆడదైనా వింటుందా?

మంగళవారం పొద్దున స్వాతి అద్దంతో వచ్చేసరికి వెనక గదికి లోపల గొళ్లెం పడి ఉంది. "అక్కా," అని ఒకసారి పిలిచి ఊరుకుంది. లోపల నిరోష తనే సర్దుకుంది. బస్సు లింగంపేట దాటాక వెనక సీటులోని ముసలామె భుజం తట్టింది. "అమ్మాయీ, నీ మెడ కాడ ఏందో జాలీ లెక్క కనవడ్తున్నది, సూస్కో" అంది. మంచి మనసుతోనే అంది, కానీ గట్టిగా అంది. పక్కవాళ్లు కూడా చూశారు. నిరోష చున్నీ మెడ చుట్టూ తిప్పుకుని, కామారెడ్డి వచ్చే దాకా సీటుకు ఆనకుండా కూర్చుంది.

మధ్యాహ్నం వనజ తలుపు తీసి ఖాళీ చేతులు చూసింది.

"ఏది?"

"దేవునికిచ్చిండ్రు."

వనజ తలుపుకు గడియ పెట్టింది. విగ్గు తీయించి ముడుచుకుపోయిన పోగులు ఒక్కొక్కటీ కత్తిరించింది. కత్తిరించిన కొద్దీ నుదురు ఇంకా బోసిగా కనిపించింది. "ఆ దేవుని కాడికెళ్లి నా కాడికి రావాలంటే ఏడాది పడతదే," అంది చివరికి. నవ్వించాలని అంది. ఇద్దరికీ నవ్వు రాలేదు.

"ఎనకాల ఎవరు చూస్తున్నరు మరి?"

"ఎవలు లేరు."

వనజ ఆమె చేయి పట్టుకుని మెడ వెనక్కి తీసుకెళ్లింది. "గీడ గుంత ఉన్నది చూడు, తల, మెడ కలిసే కాడ. దాని మీద మూడు వేళ్లు పెట్టు. అంచు పైవేలికి తగలాలె. తగిలిందంటే సరిపోయినట్టు. తర్వాత నెత్తి కిందికి మీదికి అను. వేలి కాడికెళ్లి జరిగితే క్లిప్పు ఇంకో పన్ను బిగియ్యి. అద్దం పని లేదు." పదిసార్లు తీసి పెట్టించింది. పదిసార్లలో ఆరుసార్లు తప్పింది.

బుధవారం నిరోష నేరుగా పట్టుచీరల కౌంటర్ దగ్గరికే వెళ్లి నిలబడింది. సునీల్‌కుమార్ వచ్చి ఆమె నుదురు చూసి, పెదవి విరిచి, వేలు పైకి చూపించాడు. ఆమె గోదాముకు మెట్లెక్కింది. కింద కౌంటర్‌లో ఇంకో అమ్మాయి నిలబడింది, పొడుగు జడ, మల్లెపూలు. ఆ అమ్మాయికి పోచంపల్లికి, గద్వాలకు తేడా తెలియదు. మధ్యాహ్నం దాకా నాలుగుసార్లు పైకి ఫోన్ చేసి నిరోషనే అడిగింది. నిరోష నాలుగుసార్లూ చెప్పింది.

ఇంట్లో దుర్గవ్వ చేయి ఇప్పుడు నెత్తి మీద ఎక్కువసేపు ఆగుతోంది. మంగళవారం, బుధవారం, గురువారం. ఒకటికి రెండుసార్లు తడుముతోంది. మొక్కు తీరింది కదా, ఇక దేవుడిదే ఆలస్యం అన్నట్టు ఓపిగ్గా తడుముతోంది. నిరోష కళ్లు మూసుకునే ఉంది.

శుక్రవారం సాయంత్రం ఆమె విగ్గు తీసి, బోర్లించిన చెంబు మీద పెట్టి దువ్వుతుంటే స్వాతి వచ్చి గోడకు ఆనుకుంది. మంగళవారం ఒక్కరోజు కాలేజీకి పోయి, మళ్లీ పోలేదు. ఆమెను చూసి దండం పెట్టినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు కానీ కాలేజీలో లేరు. అక్కడ గుండు అని పిలిచారు.

"అక్కా."

నిరోష దువ్వుతూనే ఉంది.

"రేపు కాలేజీల ఫ్రెషర్స్ పార్టీ. ఫోటోలు దిగుతరు. ఒక్క పూట నీది ఇస్తవా? నువ్వు గోదాంలనే గదా ఉండేది, చున్నీ కట్టుకున్నా ఎవలు చూడరు."

దువ్వెన ఆగింది. ఇంత నోరు ఎలా వచ్చిందా అని నిరోష చెల్లెలి ముఖం వైపు తేరిపార చూసింది. అక్కడ పొగరు లేదు. ఏడుపు ఆపుకుంటున్న ముఖం అది. అయినా జాలి కలగలేదు.

"మొక్కుదామని అవ్వకెందుకు చెప్పినవ్?"

స్వాతి గోడ సున్నం గోటితో గీకింది.

"ఇయ్యనని నాకు చెప్తె అయిపోవు గదా. నేనడిగిన్నా?"

"ఉగాదికి అన్నప్పుడు నిజంగనే ఇద్దామనుకున్న." మాట చిన్నగా మొదలై పెద్దదైంది. "తర్వాత అద్దం పట్టుకున్నప్పుడల్ల నీ నెత్తి మీద నా జడే కనవడ్డది. నువ్వు ఎర్రగుంటవ్. నువ్వు మంచిగ మాట్లాడ్తవ్. అవ్వ పొద్దుగాల లేస్తె నీ నెత్తే ముడుతది. నీ పక్కన్నే పండుకుంట గదా, నన్నెప్పుడన్న ముట్టిందా? నాకున్నది అదొక్కటే. అది గూడ నువ్వు పెట్టుకొని తిరిగితె ఇగ నన్నెవలు చూస్తరు?"

"అయితె ఇయ్యనని చెప్పాలె."

"చెప్తె చెడ్డదాన్నయిత."

"ఇప్పుడు?"

స్వాతి చున్నీ నుదుటి మీదికి లాక్కుంది.  ఇప్పుడామె ఊరంతటికీ మంచిది, బాపుకు శబాష్ బిడ్డ. ఆ మంచితనమంతా నిరోష తల మీది నుంచే తీసుకున్నది. దుర్గవ్వ నమ్మితే ఒక్క మాటతో అదంతా కూలిపోతుంది. నిరోష చెప్పలేదు. చెల్లెలి మీద ప్రేమతో కాదు. చెప్పినా అవ్వ నమ్మదని ఆమెకు తెలుసు.

లేచి తన సంచిలో చేయి పెట్టి రెండు రిబ్బన్లూ తీసింది. ఎర్రది, నల్లది. మడత కూడా విప్పలేదు. చెల్లెలి చేతిలో పెట్టింది.

"నీయి వస్తయి. ఏడాదికి జడ పడతది. అప్పుడు కట్టుకో," అంది. "నా నెత్తి నాకు కావాలె."

ఆ పూట నిరోష తన బొంత గోడవైపు నుంచి తీసి తలుపు పక్కన పరుచుకుంది. చెల్లెలి పక్కన పడుకోవడానికి మనసొప్పలేదు. స్వాతి కాసేపు నిలబడి, గోడవైపు ఖాళీగా ఉన్న చోటుకు జరిగి పడుకుంది. దుర్గవ్వ అప్పటికే ముందు గదిలో నిద్రపోయింది.

శనివారం చీకటి విచ్చకముందు నిరోషకు గాజుల చప్పుడు వినిపించింది. అవ్వ వచ్చింది. తలుపు దగ్గరి మనిషిని దాటుకుని, గోడవైపు వెళ్లి కూర్చుంది. ఎప్పుడూ కూర్చునే చోటు అది. తడిమిన చప్పుడు. ఆగింది. మళ్లీ తడిమింది. ఈసారి వేళ్లు వెనక్కి, ఎదురుగా నడిచాయి.

"రాజన్నా!" అంది దుర్గవ్వ.  "నా తండ్రీ! మొలిసినయి! బిడ్డా, మొలిసినయే! చేతికి గరగర తగుల్తున్నయే! ఓ మంగవ్వా!"

రెండు చేతులతో ఆ తలను ఒళ్లోకి లాక్కుంది. నుదుటి మీద, నెత్తి మీద, చెవుల మీద ముద్దులు పెడుతోంది. పెడుతూ ఏడుస్తోంది. పదకొండేళ్లు దాచుకున్నదంతా ఆ చీకట్లో ఒలకబోస్తోంది. ఆ తల కదల్లేదు. అవ్వా, నేను స్వాతిని అనలేదు. నిరోష లేచి గోడ మీది స్విచ్ వేసింది.

ఒళ్లో స్వాతి కళ్లు తెరిచే ఉన్నాయి. ఎప్పటినుంచో తెరిచే ఉన్నట్టున్నాయి. అయిదు రోజుల వెంట్రుకలు, నల్లగా, తల నిండా. అమ్మ చేయి తీసేయకుండా ఇంకొక్క నిమిషం ఉంటే చాలన్నట్టు ముడుచుకుని పడుకుంది.

దుర్గవ్వ ఒళ్లోని ముఖం చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దకూతురిని చూసింది. మళ్లీ ఒళ్లోకి చూసింది. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా చేయి అక్కడే ఉండిపోయింది.

నిరోష వచ్చి ఎదురుగా కూర్చుని, ఆ చేయి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. తంబాకు వాసన వేసే వేళ్లు నున్నటి తల మీద జారాయి.

"నాది ఇది అవ్వా. మంచిగ చూడు," అంది. "చూసినవా? ఇగ రేపటి సంది చూడకు."

బయట నుంచి మంగవ్వ ఏమైందేమైందని అరుస్తోంది.  దుర్గవ్వ చేయి వెనక్కి తీసుకుంది. ఏ తల మీద పెట్టాలో తోచక ఒళ్లో పెట్టుకుంది.

ఆరున్నరకు నిరోష పెద్ద అద్దం ముందు పీట వేసుకుంది. చెంబు మీది విగ్గు తీసి దులిపి, నుదుటి మీద నాలుగు వేళ్లు పెట్టి అంచు కూర్చోబెట్టింది. చెవుల ముందు రెండు వైపులా తడుముకుంది. వెనక అలికిడయింది. స్వాతి వచ్చి చిన్న అద్దం పట్టుకుని నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. "ఎడమకు జర..." అని మొదలుపెట్టింది.

నిరోష వెనక్కి తిరిగి ఆమె చేతిలోంచి అద్దం తీసుకుంది. కోపంగా లాక్కోలేదు. లేచి వెళ్లి మేకుకు తగిలించింది, అద్దం గోడవైపుకు తిప్పి. మళ్లీ వచ్చి కూర్చుని, మెడ వెనక గుంత మీద మూడు వేళ్లు పెట్టుకుంది. అంచు పైవేలికి తగిలింది. తల కిందికీ మీదికీ ఆడించింది. జరగలేదు.

"సరిపోయింది," అని తనకు తనే చెప్పుకుని, ఏడు గంటల కామారెడ్డి బస్సుకు బయల్దేరింది.